ముప్పై అయిదు వస్తే పాసు

భగవాన్లు మాస్టారికి జీవితంలో మొట్టమొదటి ఫస్టు ర్యాంకు అరవై ఏడో ఏట వచ్చింది. ఆ సంగతి ఆయనకి పొద్దున్న ఆరున్నరకి, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ఫోన్లో తెలిసింది.

పెదకొండేపూడి డివిజన్ విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం వాట్సాప్ గ్రూపులో నూట నలభై మూడు మంది సభ్యులున్నారు. అందరూ రిటైరైన పంతుళ్లూ, పంతులమ్మలూ. ఆ పొద్దున్న అందులో ఒక జాబితా ప్రత్యక్షమైంది. పేరు, ఎత్తు, బరువు, బీఎమ్‌ఐ, ఫలితం అని గళ్లు గీసి ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న పేరు వెలగల భగవాన్లు, తెలుగు పండితులు. బీఎమ్‌ఐ ముప్పై ఎనిమిది పాయింటు ఒకటి. పక్కనే ఎర్ర అక్షరాలతో ‘ప్రథమ స్థానము’ అని ఉంది.

మాస్టారు పదో తరగతి మూడో దండయాత్రలో గట్టెక్కినవారు. లెక్కల్లో మొదటిసారి పదకొండు, రెండోసారి తొమ్మిది వచ్చాయి. ఆ తరవాత ఏ పరీక్ష రాసినా అత్తెసరు మార్కులే. గోడకి అంటించిన జాబితాల్లో తన పేరు కిందనుంచి పైకి వెతుక్కోవడం ఆయనకి అలవాటు. ఇవాళ కూడా అలాగే మొదలుపెట్టి, నూట నలభై రెండు పేర్లు దాటి పైకొచ్చేసరికి బొటనవేలు నొప్పెట్టింది. పేరు చూసుకోగానే వంటింటి వైపు తిరిగారు.

“మాణిక్యం, నాకు ఫస్టొచ్చిందే” అన్నారు.

మాణిక్యాంబ గారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. “ఎందులోనండి?”

“బీఎమ్‌ఐలో. డివిజన్ మొత్తానికి.”

ఆవిడ ఫోను తీసుకుని ఆ వరసంతా చదివింది. “కాకినాడ ఎముకల డాక్టరు గారు ఏం చెప్పేరండి? మీరు నూరు కిలోలున్నారు, ఎనభై అయిదుకి దిగితేగానీ మోకాళ్లు కొయ్యనన్నారా లేదా? ఉగాదిలోపు అన్నారా లేదా?”

“అన్నారు. ఉగాదికి ఇంకా ఏడు నెలలుంది. రెండు వారాలు ఫస్టులో ఉండనీ, తరవాత దిగుతాను.”

రెండేళ్లుగా మాస్టారి మోకాళ్లు రెండూ పనికిరాకుండా పోయాయి. అంతకుముందు రోజూ సాయంత్రం ఆయనా, డ్రిల్లు మాస్టారు నూకరాజూ కాలవ గట్టు మీద లాకుల దాకా నడిచి వెళ్లేవారు. అక్కడ గట్టు మీద కూర్చుని కాసేపు వాదించుకుని తిరిగొచ్చేవారు. ఇప్పుడు మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి అరుగు మీదికి. నూకరాజు ఒక్కడే వెళ్లొచ్చి, కాలవలో నీళ్లు ఎంతున్నాయో అరుగు దగ్గర చెప్పి వెళ్తాడు. ఆ నడక ఒక్కటి తిరిగొస్తే తనకింకేమీ అక్కర్లేదని మాస్టారు డాక్టరు ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న మాట నిజం. అయితే అప్పటికి ఆయనకి ఫస్టు ర్యాంకు రుచి తెలియదు.

అసలిదంతా ఒక ఫారంతో మొదలైంది. ఆరోగ్య ప్రచారం చేసే ఏదో సంస్థ ఊరూరా ఉన్న ఇలాంటి గ్రూపులన్నిటికీ ఒక ఫారం పంపింది. సభ్యుల ఎత్తూ బరువూ రాసి పంపితే ఏ గ్రూపు ఎలా ఉందో పోల్చి చూస్తామని అందులో ఉంది. బరువుని మీటర్లలో ఎత్తుతో ఒకసారి, మళ్లీ అదే ఎత్తుతో ఇంకోసారి భాగిస్తే వచ్చే అంకె బీఎమ్‌ఐ. మనిషి ఉండవలసినదానికన్నా లావుగా ఉన్నాడా, సన్నగా ఉన్నాడా అన్నది ఆ అంకె చెబుతుంది. ఈ ముక్క ఫారం వెనకవైపు ఉంది. సంఘం అధ్యక్షులూ, గ్రూపు అడ్మినూ అయిన అర్జా త్రిపురాంతకం గారు ఉప విద్యాశాఖాధికారిగా రిటైరయ్యారు. ఆయన సర్వీసులో ఏ కాగితం వెనకవైపూ చూసి ఎరగరు.

ముందువైపు మాత్రం శ్రద్ధగా చూశారు. పేర్లూ, పక్కన రెండంకెల సంఖ్యలూ. ముప్పై ఎనిమిదేళ్లు మార్కుల జాబితాలు చూసిన కన్ను అది. రెండంకెల సంఖ్య కనబడితే అది ముప్పై అయిదుకి పైనుందా కిందుందా అన్నదే చూస్తుంది. చూసింది, బెంబేలెత్తింది. వెంటనే ఉత్తర్వు వెలువడింది.

‘సభ్యులెల్లరకు తెలియజేయునది ఏమనగా, మన డివిజన్ బీఎమ్‌ఐ ఫలితములు మిక్కిలి శోచనీయముగా నున్నవి. నూట నలభై ముగ్గురు హాజరు కాగా ఆరుగురు మాత్రమే ముప్పై అయిదు దాటిరి. ఉత్తీర్ణత నాలుగు పాయింటు రెండు శాతము. పొరుగున సారిపల్లె డివిజన్ వారు పదకొండు శాతము సాధించియుండగా మనము తలయెత్తుకొని తిరుగుట యెట్లు? సంజాయిషీ కోరనైనది.’

నూట నలభై మూడు మందిలో ఒక్కరికి తప్ప ఎవరికీ ఇందులో తేడా కనబడలేదు. జీవితమంతా పేపర్లు దిద్దినవాళ్లు. ముప్పై నాలుగు వస్తే తప్పనీ, ముప్పై అయిదు వస్తే పాసనీ వాళ్ల ఒంట్లో ఇంకిపోయింది. ముప్పై నాలుగు పాయింటు ఆరు దగ్గర ఆగిపోయిన హిందీ టీచరు గారు ఇంట్లో తలుపు వేసుకుని ఏడ్చారని తెలిసి అందరూ అయ్యోపాపం అనుకున్నారు.

బయాలజీ చెప్పిన విక్టోరియా టీచరు ఒక్కరే ఫారం తిరగేసి చదివింది. ఆవిడ నేరుగా త్రిపురాంతకం గారికి ఫోన్ చేసింది.

“సార్, ఇవి మార్కులు కావండి. తక్కువుంటేనే మంచిదండి. పద్దెనిమిదిన్నర నుంచి పాతిక దాకా నార్మల్ అని వెనకాల రాసుందండి.”

“టీచర్ గారూ, నార్మల్ అనగా సాధారణము. సాధారణముగా అందరికీ వచ్చే మార్కులు అవి. సాధారణ ఫలితముల కోసం మనము ఏనాడైనా పనిచేసితిమా?”

“అది కాదండి. ముప్పై దాటితే జబ్బు కింద లెక్కండి.”

“ముప్పై అయిదు పాసు కాదని మీ దగ్గర జీవో ఏమైనా ఉన్నదా?”

“జీవో ఎక్కడిదండి, సైన్సండి ఇది.”

“జీవో రానంతవరకు పాత పద్ధతి కొనసాగును. మీ అభ్యంతరము ఏదైనా ఉన్నచో త్రూ ప్రాపర్ ఛానెల్ పంపుడు.”

ప్రాపర్ ఛానెల్ అంటే గ్రూపు అడ్మిన్. విక్టోరియా టీచరు పంపింది. అడ్మిన్ గారు అధ్యక్షుల వారికి నివేదించారు. అధ్యక్షుల వారు పరిశీలించి తిరస్కరించారు. మూడు నిమిషాల్లో పని పూర్తయింది. ఆ సంఘం చరిత్రలో ఏ ఫైలూ అంత వేగంగా కదల్లేదు.

ఆ వారమే ఫలితాల మెరుగుదలకి కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. పాసైన ఆరుగురూ వెనకబడిన సభ్యులని దత్తత తీసుకోవాలి. రోజూ పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా దత్తత తీసుకున్నవారి ఇంట్లో ప్రత్యేక తరగతులు. శనివారం శనివారం స్లిప్పు టెస్టు, అంటే కాటా మీద నిలబడ్డ ఫోటో గ్రూపులో పెట్టడం. భగవాన్లు మాస్టారికి ఏడుగురిని అప్పగించారు. వాళ్లలో అందరికన్నా వెనకబడినవాడు నూకరాజు. అరవై మూడేళ్లు, నిటారుగా వెదురుకర్రలా ఉంటాడు, రోజుకి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాడు. బీఎమ్‌ఐ ఇరవై. జాబితాలో ఆయన పేరు పక్కన ‘ప్రత్యేక శ్రద్ధ అవసరము’ అని ఉంది.

మొదటిరోజు తరగతికి మాణిక్యాంబ గారు పెసరట్టూ ఉప్మా, అల్లప్పచ్చడి, మినపసున్నుండలు పెట్టింది. ఇష్టం లేకపోయినా ఇంటికొచ్చిన పంతుళ్లకి తక్కువ చెయ్యడం ఆవిడ చేతకాదు. ఉత్తర్వు ప్రకారం ముందుగా మాస్టారు తిని చూపించాలి. దాన్ని నమూనా పాఠం అంటారు. ఆయన నాలుగు పెసరట్లు తిని చూపించారు. శిష్యులు ఆయన్ని అనుసరించారు.

“నూకరాజూ, నువ్వు రెండోది వదిలేశావు” అన్నారు మాస్టారు.

“నాకు సాలండి.”

“చాలు అనే మాట వెనకబడిన విద్యార్థి లక్షణం. నీ బాధ్యత నాది. తిను.”

నూకరాజు గురువుగారి మాట కాదనలేక తిన్నాడు. తిని, లాకుల దాకా రెండుసార్లు నడిచొచ్చాడు. శనివారం కాటా ఎక్కితే అదే ఇరవై. ‘ప్రగతి శూన్యము’ అని ఆయనకి మెమో వచ్చింది. ఆ మెమో చూసి నూకరాజు భార్య నాలుగు రోజులు పుట్టింటివాళ్లతో మాట్లాడలేదట. పుట్టింటివాళ్లు సారిపల్లెలో ఉంటారు. అక్కడ వాళ్ల బావగారు ముప్పై ఆరుతో పాసయ్యాడు.

పరీక్షలన్నాక కాపీ ఉంటుంది. ఒక శనివారం సోషల్ మాస్టారు ఒకాయనకి ఒక్కసారిగా ఆరు కిలోలు పెరిగినట్టు ఫోటో వచ్చింది. అనుమానం వచ్చి వీడియో కాల్లో స్క్వాడ్ దిగింది. పంచె కుచ్చెళ్ల వెనకాల సన్నికల్లు పొత్రం బయటపడింది. ఆయన్ని రెండు టర్ములు డిబార్ చేశారు. ఆ మర్నాటి నుంచి కాటా ఎక్కేముందు జేబులు తిరగేసి చూపించాలని నిబంధన పెట్టారు.

కాపీ ఉన్నచోట మోడరేషన్ ఉంటుంది. త్రిపురాంతకం గారికి స్వయంగా ముప్పై మూడు పాయింటు ఎనిమిదే వచ్చింది. అధ్యక్షులే ఫెయిలైతే సంఘం పరువేం కాను? ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. వయసు మీదపడ్డాక వెన్నుపూసలు కుదించుకుపోయి మనిషి పొట్టి అవుతాడు కనక సభ్యులందరి ఎత్తులోంచీ మూడు సెంటీమీటర్లు తగ్గించి లెక్క వెయ్యాలని కమిటీ సిఫారసు చేసింది. ఎత్తు తగ్గితే అంకె పెరుగుతుంది. త్రిపురాంతకం గారికి సరిగ్గా ముప్పై అయిదు వచ్చింది. పాసైనవాళ్లు పన్నెండుమందయ్యారు. మూడు సెంటీమీటర్లే ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మాణిక్యాంబ గారు ఆటో మాట్లాడి మాస్టారిని కాకినాడ తీసుకెళ్లింది. డాక్టరు కాటా చూసి, చీటీ చూసి, మళ్లీ కాటా చూశాడు.

“ఎనభై అయిదు అన్నానండి మాస్టారూ. మీరు నూట నాలుగు తెచ్చేరు.”

“మా గ్రూపు లెక్కలో నలభై ఒకటి వచ్చిందండి బీఎమ్‌ఐ. జిల్లాలోనే నలభై దాటింది నేనొక్కణ్నేనట.”

డాక్టరు ఆయన మొహంలోకి చూశాడు. ఆ మొహం వెలిగిపోతూ ఉంది. “ఈ బరువు మీద నేను కొయ్యనండి. కోసినా ఆ మోకాళ్లు నిలబడవు. ఉగాదికి మూడు నెలలుంది. రేపట్నుంచి మొదలెట్టేరా సరేసరి. లేదంటే నడక సంగతి మర్చిపోండి. మంచానికే పరిమితం.”

తిరుగు దారిలో మాస్టారు ఆటోలో వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. లెక్కలు రాకపోయినా ఈ లెక్క ఆయనకి వచ్చు. ఎనభై అయిదు కిలోలకి దిగితే, మోడరేషన్ కలిపినా ముప్పై మూడున్నర. ఫెయిలు. మళ్లీ ఫెయిలు, ఈ వయసులో, నూట నలభై రెండు మంది చూస్తూ ఉండగా. మోకాళ్లు కావాలంటే ఫెయిలవ్వాలి. పాసవ్వాలంటే మంచం పట్టాలి. ఆయనకి దుఃఖం ముంచుకొచ్చింది.

“ఏవండీ, నడవడం మర్చిపోమన్నాడు కదా, మీకు భయం లేదా?” అంది మాణిక్యాంబ గారు.

“ఉందే. ఫెయిలవడం కూడా భయమే.”

“నేను మిమ్మల్ని ఫస్టొచ్చేరని చేసుకున్నానా? రెండుసార్లు తప్పేరని తెలిసే చేసుకున్నాను.” ఆవిడ మొహం బయటికి తిప్పుకుంది.

ఈలోగా ప్రత్యేక తరగతులు ఫలించాయి. పాసైనవారు పంతొమ్మిదిమంది, ఉత్తీర్ణత పదమూడు పాయింటు మూడు శాతం. సారిపల్లె ఓడిపోయింది. కల్యాణ మంటపంలో అభినందన సభ ఏర్పాటు చేశారు. వేదికకి అయిదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. త్రిపురాంతకం గారు సభకి గంట ముందే వచ్చి, ఎవరూ చూడకుండా ఎక్కి కూర్చున్నారు.

ఫెయిలైనవాళ్లకి పనులు అప్పగించారు. కుర్చీలు వెయ్యడం, దండలు అందించడం, మైకు సరిచెయ్యడం. నూకరాజు ఆ అయిదు మెట్లూ కనీసం ఇరవైసార్లు ఎక్కి దిగాడు. ఆయన ఎక్కుతున్నప్పుడల్లా భగవాన్లు మాస్టారు ముందు వరసలోంచి ఆయన కాళ్ల వంకే చూశారు.

“ఇప్పుడు మన డివిజన్ కీర్తికిరీటము, ప్రథమ స్థానము, శ్రీ వెలగల భగవాన్లు గారిని వేదికనలంకరింపవలసినదిగా కోరుచున్నాను.”

చప్పట్లు మోగాయి. మాస్టారు కర్ర ఆనించి మొదటి మెట్టు ఎక్కారు. రెండో మెట్టు మీద కాలు పెట్టారు. ఆ కాలు ఆయన మాట వినలేదు. చప్పట్లు కొట్టి కొట్టి జనం ఆపేశారు. ఆయన వెనక మిగతా పద్దెనిమిదిమంది విజేతలూ వరసగా నిలబడి ఆయాసపడుతున్నారు. ఒకరిద్దరు తప్ప వాళ్లలో ఎవరికీ పై మెట్టు మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

త్రిపురాంతకం గారు తడబడలేదు. “ప్రథమ శ్రేణి వారు ఎక్కలేకపోవుట వేదిక లోపము. వేదిక ఎత్తును పునఃపరిశీలించుటకు త్రిసభ్య కమిటీ వేయడమైనది. ప్రస్తుతమునకు అనుత్తీర్ణులైన సభ్యులు ఉత్తీర్ణులను మోసుకొని రావలసినది.”

నూకరాజూ, ఇంకో ముగ్గురు ఫెయిలైనవాళ్లూ మాస్టారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ నాలుగు కోళ్లూ పట్టుకుని పైకి తీసుకెళ్లారు. దండ వేశారు, శాలువా కప్పారు. ఫోటోలు తీస్తున్నప్పుడు నూకరాజు ఆయన కుర్చీ పక్కన వంగి, రొప్పుతూ, చిన్న గొంతుతో అడిగాడు.

“మాస్టారూ, లాకుల దాకా కూడా ఇలాగే మోసుకెళ్లమంటారాండి? నలుగుర్ని ఏర్పాటు చేస్తాను.”

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అందుకే మాస్టారికి సిగ్గేసింది. ఆ శాలువా కింద ఆయనకి చెమటలు పోశాయి.

మర్నాడు ఆయన ఫోను తీసి గ్రూపులోంచి బయటికి వెళ్లే మీట దాకా వేలు తీసుకెళ్లి ఆపేశారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో చెప్పకుండా బడి మానేసినవాళ్లని ఆయన ఎందర్నో ఇంటికి వెళ్లి పట్టుకొచ్చారు. ఇప్పుడు తనే అలా పారిపోవడానికి మనసొప్పలేదు. పద్ధతి ప్రకారం వెళ్లాలి. టీసీ తీసుకుని వెళ్లాలి. నూకరాజు ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని, తొక్కకుండా నడిపించుకుంటూ, త్రిపురాంతకం గారింటికి తీసుకెళ్లాడు. నూకరాజు బయటే నిలబడ్డాడు. అనుత్తీర్ణులకి లోపలికి ప్రవేశం లేదు.

“టీసీయా?” త్రిపురాంతకం గారు నమ్మలేకపోయారు. “సారిపల్లె వారు ఏమైనా ఆశ చూపినారా?”

“లేదండి.”

“మీరు వెళ్లినచో పద్దెనిమిదిమందే మిగులుదురు. శాతము తగ్గును. ఆలోచింపుడు.”

“ఆలోచించేనండి. నేను బరువు తగ్గాలి. తగ్గితే ఎలాగూ ఫెయిలే. నాలాంటివాడు గ్రూపులో ఉంటే మీ ఫలితాలకే నష్టం.”

ఈ వాదన త్రిపురాంతకం గారికి నచ్చింది. ఫెయిలవబోయే విద్యార్థికి ముందుగానే టీసీ ఇచ్చి పంపెయ్యడం ఆయన హయాంలో ఉన్న పద్ధతే. సొరుగులోంచి ఖాళీ టీసీ తీశారు. పేరు రాశారు. ప్రవర్తన సంతృప్తికరము అని రాశారు. విడిచిపోవుటకు కారణము అన్న గడి దగ్గర కలం ఆగింది.

“ఇది ఖాళీగా ఉంచరాదు. తండ్రిగారి బదిలీయా?”

“నాన్నగారు పోయి నలభై ఏళ్లయిందండి.”

“పై చదువులా?”

“కాదండి. నడవడానికని రాయండి.”

త్రిపురాంతకం గారు ఆ గడి వంక చూశారు. ఆయన ఎడంచెయ్యి తెలియకుండానే వెళ్లి తన మోకాలే పట్టుకుంది. తరవాత ‘నడచుట నిమిత్తము’ అని రాసి, సంతకం పెట్టి, సీలు వేశారు.

“ఇకమీదట మిమ్మల్ని ఎవరూ ఫస్టు అనరు మాస్టారూ” అన్నారు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

“అలవాటేనండి నాకు. అరవై ఏడేళ్లు ఎవరూ అనలేదు.”

బయటికి వచ్చి మాస్టారు సైకిలు ఎక్కబోయి ఆగారు. టీసీ మడిచి జేబులో పెట్టుకుని, నూకరాజు భుజం ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. అడుగడుక్కీ నొప్పి ప్రాణం తోడేసింది. మొదటి కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ నడిచారు. కాలవ గట్టు ఇంకా కనబడను కూడా లేదు. రెండో స్తంభం దగ్గర ఆయన ఇంక కదల్లేకపోయారు.

“ఇయ్యాల్టికి సాలండి” అన్నాడు నూకరాజు.

మాస్టారు స్తంభానికి చేరగిలపడి, కండువాతో మొహం తుడుచుకుని అడిగారు. “ఎన్నోవాణ్ని వచ్చేనురా నూకరాజూ?”

నూకరాజు ముందూ వెనకా రోడ్డంతా చూసి, నిజాయితీగా చెప్పాడు. “ఇద్దర్లో రెండోవారండి.”

ఫర్వాలేదనుకున్నారు మాస్టారు.